బతికున్న సీసాలు

జూన్ 6

వతారు పొద్దున్నే ఒక ప్లాస్టిక్ సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపల మన యూజు నిమ్మ సోడానే, మీద మన కదొవాకి కంపెనీ పేరే. "పట్టుకుని చూడు వదినా, ఎంత తేలికో" అన్నాడు. నేను పట్టుకోలేదు. మోచెయ్యి తగిలి కింద పడింది. మోచెయ్యి తగిలిందనే రాస్తున్నాను. పడి, రెండు గంతులేసి, బీరువా కిందికి దొర్లిపోయింది. పగల్లేదు. దానికేం, పగలదు.

సంగతేమిటంటే సీసాలు కడిగే మెషీనుకి వేడినీళ్లిచ్చే బాయిలరు ముసలిదైపోయింది. కొత్తది వెయ్యాలి, లేదా కడగడమే మానుకోవాలి. మానుకుంటే గాజు సీసా పోయి ప్లాస్టిక్ వస్తుంది. మా ఆయన తమోత్సు పోయాక కంపెనీకి పెద్ద ఆయన తమ్ముడు వతారే అయినా, సీసాలు కడిగే షెడ్డు నాది. అది ఆపాలంటే నేను ఊ అనాలి. నేను అనను.

"గాజే మంచిదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ప్లాస్టిక్ భూమికి చేటు" అన్నాను.

"నాకూ అలాగే అనిపిస్తుంది వదినా. కానీ మన గాజు సంగతి ఎవరైనా లెక్క కట్టి చూశారా? మన జిల్లాలోనే, కొచి యూనివర్సిటీలో అదే పనిగా లెక్కలు కట్టేవాళ్లున్నారట."

అప్పుడు నోరు జారాను. కాదు, కావాలనే అన్నాను. లారీ డ్రైవర్ల ముందు, ఆఫీసు వాళ్ల ముందు, గట్టిగా అన్నాను. "కట్టించు. గాజు ఓడిపోతే నా చేత్తో నేనే మెషీను ఆపేస్తాను."

షెడ్లో నాతోపాటు వయసంతా సీసాలు చూస్తూ గడిపిన ఇవానె అక్కడే ఉంది. నావైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఎందుకో మరి.

ఎప్పుడో బ్యాంకువాళ్లిచ్చిన డైరీ ఇది. ఇవాళ ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక తీశాను.

జూన్ 13

యూనివర్సిటీ నుంచి మినెగిషి అనే అమ్మాయి వచ్చింది. ముప్పై కూడా ఉండవు. బూట్లు విప్పి సర్దిన తీరు చూసి మంచి ఇంటి పిల్లే అనుకున్నాను. షెడ్డంతా తిరిగింది. బాయిలరు ఎంత కిరసనాయిలు తాగుతుందో, లారీ కొండ దాటి ఎంత దూరం పోతుందో, కొత్త సీసాలు ఎక్కణ్ణుంచి వస్తాయో అన్నీ అడిగింది. అన్నిటికీ చెప్పాను.

చివరికి అడిగింది. "ఒక సీసా మీ దగ్గరికి ఎన్నిసార్లు తిరిగొస్తుందండీ?"

"ఇరవైసార్లు" అన్నాను.

"ఎలా తెలుసండీ?"

"ఎలా తెలియడమేమిటమ్మా, మా సీసాలు మాకు తెలియవా?"

మొహం కొంచెం ఎర్రబడింది ఆ పిల్లకి. గాజు బరువైనది, పుట్టడానికే బోలెడు మంట కావాలి, ఎన్నిసార్లు తిరిగొస్తే ఆ మంట అన్ని భాగాలైపోతుంది, అందుకే అడుగుతున్నానండీ అంది. ప్లాస్టిక్ సీసా ఒక్కసారే వాడినా దాన్ని చెయ్యడానికి పట్టే మంట చాలా తక్కువట. గాజు గెలుపంతా తిరిగిరావడంలోనే ఉందట.

వస్తాయిలే. మా సీసాలు రాకపోతే ఎక్కడికి పోతాయి?

జూన్ 20

అడుగున నీలిచుక్క పెట్టిన సీసాలు ఇవాళ లారీ ఎక్కాయి. కడిగినా పోని రంగు. చుక్కలు పెట్టింది ఇవానే, నేనూ. ఈ ఎండాకాలం గడిచాక వాటిలో ఎన్ని తిరిగొచ్చాయో చూస్తే లెక్క తేలుతుందని మినెగిషి ఉద్దేశం.

ఇవానె అంది, "అమ్మగారూ, ఇరవై అని ఎందుకన్నారు?"

"కాదంటావా?"

"నాకేం తెలుసు. నా ముందుకొచ్చినవే నేను చూస్తాను. రానివాటిని ఎవరు చూస్తారు?"

మూతి విరిగినదాన్ని, నెర్రె పడినదాన్ని ఇవానె చచ్చిన సీసా అంటుంది. మళ్లీ నింపడానికి పనికొచ్చేది బతికున్న సీసా. ఈ పనిలో అందరూ అనే మాటే. లైటు ముందు పెట్టి రెప్ప వెయ్యకుండా చూసి "బతికుంది, బతికుంది, ఇది పోయింది" అనుకుంటూ ఉంటుంది రోజంతా.

ఇవాళ ఆయన పోయిన తేదీ. నెలనెలా మార్చినట్టే గూట్లో ఫొటో దగ్గర పువ్వు మార్చాను. పెరట్లో హైడ్రాంజియా బాగా పూసింది. కాడ లావుగా ఉండి కూజాలో పట్టలేదు. గుమ్మం దగ్గరున్న పెట్టెలోంచి సీసా తీసి పెట్టాను. ఆయనకి మన సీసా అయితేనే ఇష్టం.

జూలై 3

వాన. సీసాలు రాలేదు.

జూలై 14

వాన. నీలిచుక్కవి కొన్ని వచ్చాయి. కొన్నే.

జూలై 21

వతారే ఎక్కడో దాచేస్తున్నాడని నా అనుమానం. గిడ్డంగి వెనక్కి వెళ్లి చూశాను. ఏమీ లేవు. పాత టైర్లు, పిల్లి. వాడికి అంత తెలివి లేదులే.

జూలై 25

సాకె మద్యం అమ్మే కొట్టుకి నేనే వెళ్లాను. మా సోడా ఊళ్లో ఎక్కువగా అమ్మేది అక్కడే. కొట్టు పెద్దాయన విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నాడు.

"ఖాళీ సీసాలు తెస్తున్నారా?" అన్నాను.

"చావు కబురు చల్లగా చెప్పాలి గానీ, లేదమ్మా."

"సీసా డబ్బులు వెనక్కిస్తాం కదా!"

"అందుకే తేరు" అన్నాడాయన. "ఆ పదియెన్ల కోసం ఖాళీ సీసా సంచీలో వేసుకుని గలగలలాడిస్తూ బజార్లో నడిచొస్తే పక్కింటివాళ్లు ఏమనుకుంటారు? పాపం, ఆ ఇంట్లో ఏం ఇబ్బందో అనుకోరూ? మొన్న ఒకావిడ తెచ్చింది. డబ్బులిస్తుంటే వద్దు వద్దంటూ వెనక్కి నడిచి, గుమ్మం తగిలి పడబోయింది. మళ్లీ రాలేదు."

"మరి ఆ సీసాలు ఏం చేస్తున్నారు?"

"నాకేం తెలుసమ్మా. మంచివాళ్లే అందరూ, పారెయ్యరు."

పారెయ్యరట. నాకు ఊరట అనిపించింది. పారెయ్యకపోతే ఏదో ఒకరోజు వస్తాయి.

ఆగస్టు 10

డైరీ రెండుసార్లు మూసి మళ్లీ తీశాను. రాయాల్సిందే.

ఇవాళ సీసాల రోజు. మా వీధి సందు చివర నెలకి రెండు గురువారాలు పెట్టెలు పెడతారు. తెల్లగాజుకి ఒకటి, గోధుమరంగుకి ఒకటి, మిగతా రంగులకి ఒకటి. ఇంటికొకరి చొప్పున వంతులు. ఇవాళ నా వంతు. చేతికి పట్టీ కట్టుకుని నిలబడ్డాను. పోయినసారి నా వంతు వచ్చినప్పుడు నడుం పట్టేసి పడుకున్నాను, ఇవానెని పంపాను, దాని ముందుసారీ ఎవరినో పంపినట్టున్నాను. ఎప్పుడూ ఏదో పని.

మొదట వచ్చింది హోసాకా గారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మా వీధి సంఘానికి పెద్ద. చేతిలో బుట్ట. బుట్టలో తెల్లటి బట్ట పరిచి, దాని మీద మా సీసాలు. కదొవాకి అని పేరు అచ్చుపోసినవి. మూతలు వేరే సంచీలో. ఒక్కొక్కటీ తీసి తెల్లగాజు పెట్టెలో చప్పుడు కాకుండా పడుకోబెడుతోంది, నిద్రపోతున్న పిల్లల్ని పడుకోబెట్టినట్టు.

"హోసాకా గారూ, ఇవి మా సీసాలు" అన్నాను.

"అవునండీ ఫుమియె గారూ! చూడండి ఎలా మెరుస్తున్నాయో. మామూలుగా రెండు నీళ్లు పోస్తాం కదా, మీ సీసాలు కాబట్టి ఇంకో నీళ్లు ఎక్కువ పోశాను."

ఆవిడ వెనకే ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. అందరి చేతుల్లోనూ అవే. అందరూ నవ్వు మొహాలతో నాకు వంగి దండం పెట్టి, నా కళ్లముందే, నా సీసాల్ని వరసగా పేరుస్తున్నారు. ఒక ముసలాయన అయితే సీసా మూతి దగ్గర తుప్పు మరక పోలేదని అక్కడే జేబురుమాలుతో తుడిచాడు.

"ఇవి కొట్టుకి తిరిగి ఇవ్వచ్చండీ" అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను.

"అయ్యో, వాళ్లకెందుకండీ శ్రమ!" అంది హోసాకా గారు. "మనం వేరు చేసి పెడితే పురపాలకం వాళ్లే తీసుకెళ్లి మళ్లీ వాడతారు కదా. మన వీధికి పోయినేడు కూడా మెప్పు వచ్చింది, తప్పు పెట్టెలో ఒక్క సీసా కూడా పడలేదని."

లారీ వచ్చింది. కుర్రాడు పెట్టె ఎత్తి బోర్లించాడు. ఆ చప్పుడు.

పొడిచేసి కరిగిస్తారు దాన్ని. బతికున్న సీసాని. గాజు గాజే అవుతుందిలే అంటారు. అవుతుంది, మళ్లీ అంత మంట పెడితే. దొంగలెత్తుకుపోయినా ఇంత మండేది కాదు నాకు. తాగుబోతులు రోడ్డు మీద పగలగొట్టినా తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఇంత శ్రద్ధగా, ఇంత పద్ధతిగా, మూడో నీళ్లు కూడా పోసి చంపుతున్నారే, వీళ్లని ఏమని తిట్టను?

ఆగస్టు 14

చనిపోయినవాళ్లని తలుచుకునే పండగ. సమాధి దగ్గరికి వెళ్లొచ్చాను. పువ్వు మార్చాను. ఆయనకి జరిగిందేమీ చెప్పలేదు.

ఆగస్టు 24

మళ్లీ సీసాల రోజు. నా వంతు కాదు. అయినా చిన్న లారీ వేసుకుని వెళ్లాను. లారీ కుర్రాడు వచ్చేలోపు తెల్లగాజు పెట్టెలోంచి మా సీసాలు ఏరి ఎక్కిస్తున్నాను. నా పేరున్నవే. ఇంకెవరిదీ ఒక్కటి ముట్టుకోలేదు.

వంతులో ఉన్న అమ్మాయి బిత్తరపోయి హోసాకా గారిని పిలుచుకొచ్చింది. ఆవిడ పరిగెత్తలేదు, నడిచే వచ్చింది. కోపం కూడా లేదు మొహంలో. అక్కడి బోర్డు వైపు చెయ్యి చూపించింది. అక్కడ పెట్టిన వస్తువులు పురపాలకం సొత్తు, ఎవరూ తీసుకెళ్లరాదు అని ఉంది. ఎప్పణ్ణుంచో ఉన్న బోర్డే.

"ఫుమియె గారూ, ఏమీ అనుకోకండి, నియమం కదండీ" అంది.

"నా పేరు రాసి ఉంది వీటి మీద!"

"పెట్టెలో పడనంతవరకు మీవేనండీ."

"మీరే కదా పడేసింది!"

"పడెయ్యలేదండీ" అంది, అక్కడే కొంచెం నొచ్చుకుంది. "పెట్టాను."

ఏరినవన్నీ మళ్లీ నా చేత్తోనే పెట్టెలో పెట్టించింది. ఆవిడా సాయం పట్టింది. తలెత్తుకోలేకపోయాను. చుట్టూ నిలబడ్డవాళ్లు నన్ను చూడకుండా ఉండటానికి ఆకాశం కేసి చూస్తున్నారు. అందులో ఒకామె వానొస్తుందేమో అని కూడా అంది.

సాయంత్రం పురపాలకం నుంచి ఒకతను వచ్చి చాలా మర్యాదగా చెప్పాల్సింది చెప్పాడు. వతారు నాకు చెప్పకుండా మిఠాయి పెట్టె పట్టుకుని హోసాకా గారింటికి వెళ్లి క్షమాపణ చెప్పొచ్చాడు. నా తరఫున. నన్ను అడగకుండా. వాడి మీద అరిచాను.

"నువ్వు వెళ్లవుగా వదినా, మరి ఎవరో ఒకరు వెళ్లాలిగా" అన్నాడు.

ఆగస్టు 27

ఇంటింటికీ తిరిగే అట్ట వచ్చింది. సంఘం కబుర్లన్నీ దానికి తగిలించి పంపుతారు, చదివి, ముద్ర వేసి పక్కింటికి ఇవ్వాలి. మధ్యలో ఒక కాగితం: "వేరుచేసి పెట్టిన వస్తువులను కొందరు తీసుకెళ్తున్నట్టు తెలిసింది. దయచేసి గమనించగలరు." పేరు లేదు. పేరెందుకు, నా ముందున్న ఇళ్లవాళ్లందరూ ముద్రలు వేశారు, ఎర్రగా, ఒకదాని పక్కన ఒకటి.

నేనూ వేశాను. పక్కింటికి తీసుకెళ్లి ఇచ్చాను. "ఎండలు తగ్గట్లేదండీ" అంది పక్కింటావిడ. "అవునండీ" అన్నాను.

సెప్టెంబర్ 5

పరువు పోయింది ఎలాగూ పోయింది, ఇంకేం పోతుందని హోసాకా గారింటికి వెళ్లాను. కూర్చోబెట్టి టీ ఇచ్చింది. మొత్తం చెప్పాను. బాయిలరు, మెషీను, లెక్క, అందరిముందూ నేను అన్న మాట. సీసాలు కొట్టుకి తిరిగి ఇవ్వమని ఆ అట్టలోనే ఒక్క ముక్క రాయమని అడిగాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది కూడా.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదండీ?" అంది.

ఎందుకు చెప్పలేదు? సీసా మీద చిన్న అక్షరాలతో రాసే ఉంది. ఎవరు చదువుతారు?

నేనే రాసిస్తానన్నాను. వద్దు, సంఘం మాటల్లో నేనే రాస్తానంది.

సెప్టెంబర్ 11

అట్ట వచ్చింది. "కదొవాకి వారి సీసాలను, వీలైనవారు, తమకు ఇబ్బంది కాని పక్షంలో, కొట్టువారి పనికి అడ్డు కాని వేళల్లో, తిరిగి ఇవ్వవచ్చునని మనవి."

ఇంత మర్యాదగా చెబితే నేను కూడా ఇవ్వను.

సెప్టెంబర్ 20

కొన్ని సీసాలు వచ్చాయి. ఇవానె ఈల వేసింది. దానికి ఈల వేయడం వచ్చని ఇన్నేళ్లకి తెలిసింది.

పువ్వు మార్చాను, సన్నటి కాస్మోస్. ఒక్కటే పెడితే చాలు ఆ మూతికి.

సెప్టెంబర్ 26

రాలేదు.

సెప్టెంబర్ 30

తుఫాను వెళ్లిపోయింది. వంతెన మీంచి చూస్తే ఏటి ఒడ్డు రెల్లుగడ్డి నిండా ప్లాస్టిక్ సీసాలు చిక్కుకుని ఉన్నాయి. ఏ ఊళ్లవో. మనసుకి హాయిగా ఉంది. ఏరు పాడైతే హాయిగా ఉందేమిటి నాకు? ఉంది మరి. వతారుకి ఫోటో తీసి పంపాను.

"మన ఊరివి కావులే వదినా" అని జవాబిచ్చాడు.

అక్టోబర్ 13

మినెగిషి వచ్చింది. సీసాలు నింపే హాల్లో అందరం కూర్చున్నాం. ఆ పిల్ల కాగితాలు బల్ల మీద పెట్టి, వాటి అంచులు సర్దుతూ కూర్చుంది. అప్పుడే తెలిసిపోయింది.

ఇరవై కాదు. మూడుసార్లు కూడా లేదు. కనీసం ఏడెనిమిదిసార్లు తిరిగొస్తే గాజు గెలిచేదట. ఇరవై అయితే ప్లాస్టిక్ దరిదాపుల్లోకి కూడా రాదట. కానీ మూడుసార్లు కూడా రాని గాజు అంటే, అంత బరువు కొండ దాటించడం, అంత కిరసనాయిలు మండించడం, సముద్రం అవతల్నుంచి కొత్తవి తెప్పించుకోవడం, అన్నీ కలిపితే ప్లాస్టిక్కే తక్కువ పొగ.

"ఏట్లో తేలుతున్నదానికి మీ లెక్కలో గడి లేదా?" అన్నాను.

"ఉందండీ. అది వేరే గడి. పొగనీ చెత్తనీ కలిపి కూడటానికి రాదు" అంది. "అయినా ఈ ఊళ్లో ప్లాస్టిక్ సీసా ఒక్కటి కూడా ఏట్లోకి పోదండీ. నేను చూశాను. మూత తీసి, కాగితం ఒలిచి, కడిగి, నలిపి పెడతారు. ప్లాస్టిక్కి ఏం చెయ్యాలో అదే చేస్తారు. గాజుకీ అదే చేస్తున్నారు, అదే..." అక్కడ ఆగిపోయింది. కళ్లలో నీళ్లు. "గాజు తప్పేమీ లేదండీ."

"మరి ఎవరిది?"

ఆ పిల్ల కాగితాలు సంచీలో పెట్టేసుకుంది. పాపం, ఏం చెబుతుంది? మంచివాళ్లు మంచిపని చేశారు. కోప్పడటానికి ఒక్క మొహం కూడా లేదు నాకు.

వతారు సంతోషిస్తాడనుకున్నాను. సంతోషిస్తే నాలుగు తిట్టి తేలికపడేదాన్ని. వాడు అన్నాడు, "ఆ రోజు అన్నమాట వదిలెయ్ వదినా. ఇంకో ఏడాది చూద్దాం. బాయిలరుకి ఏదో ఒకటి చేద్దాం."

జాలి! వాడు నామీద జాలిపడ్డాడు. అందరిముందూ.

లేచి షెడ్లోకి వెళ్లి మెషీను ఆపేశాను. లోపల సీసాలు సగం కడిగి ఉన్నాయి. అలాగే ఆగాయి.

అక్టోబర్ 14

ఇంకో ఏడాది అని వాడన్నప్పుడు సరే అంటే సరిపోయేది.

అక్టోబర్ 15

అనను. అన్నమాట అన్నమాటే. నాకేం బాధ లేదు.

అక్టోబర్ 16

నాకేం బాధ లేదు.

నవంబర్ 8

ఇనపసామాన్ల వాళ్లు వచ్చి మెషీను ముక్కలు చేసి తీసుకెళ్లారు. తమోత్సు దాన్ని కొన్న రోజు ఊళ్లో పిల్లలందరూ చూడటానికి వచ్చారు. ఇవాళ ఎవరూ రాలేదు. నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు మిగిలాయి. చుట్టుపక్కల నేలంతా నల్లబడింది, ఆ నాలుగు చోట్లా మాత్రం తెల్లగా ఉంది.

కొండ అవతల పెద్ద ఫ్యాక్టరీలో సోడా ప్లాస్టిక్ సీసాల్లో నింపించుకునేందుకు వతారు సంతకాలు పెట్టేశాడు. కొత్త ఏడాది నుంచి.

ఇవానె ఊరవతల డబ్బా భోజనాల ఫ్యాక్టరీలో చేరుతోంది. అన్నం కూరా వరసగా వస్తుంటే ప్లాస్టిక్ మూత సరిగ్గా పడిందో లేదో చూసే పని.

"నీకు చూడటం అలవాటేగా" అన్నాను.

"అక్కడ బతికున్నది, చచ్చినది అని ఉండదమ్మగారూ. అన్నీ ఒక్కపూటే" అంది.

ఏళ్ల తరబడి పక్కపక్కనే నిలబడ్డాం. వెళ్లిరా అన్నాను. ఇంకా ఏదో అనాలి. అనలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను: ఇవానే, నువ్వు లేకపోతే ఆ షెడ్లో ఒక్కరోజు కూడా ఉండేదాన్ని కాదు.

నవంబర్ 20

అట్టలో రాశారు, జిల్లా పేపర్లో కూడా చిన్న వార్త వచ్చింది. కదొవాకి గాజు సీసా ఈ ఏడాదితో ఆఖరు అని. "ఎంతోమంది చిన్ననాటి జ్ఞాపకం" అని రాశాడు పేపరువాడు. జ్ఞాపకమట. నిన్నటిదాకా బల్ల మీదే ఉంది.

డిసెంబర్ 3

పొద్దున్న తలుపు తీస్తే గుమ్మం పక్కన పాత పేపర్లో చుట్టి రెండు సీసాలు. పైన ఎండబెట్టిన పర్సిమన్ పళ్ల దండ. ఎవరు పెట్టారో తెలియదు.

డిసెంబర్ 9

ఆరుగురు వచ్చారు. అందరి చేతుల్లోనూ మా సీసాలు.

డిసెంబర్ 17

ఇక లెక్కపెట్టడం మానేశాను. ఏడాది చివర ఇల్లు దులుపుకుంటున్నారు కదా, అల్మారాల్లోంచి, అటకల మీంచి, స్నానాల గది కిటికీల్లోంచి తీసుకొస్తున్నారు. ఒకాయన పదేళ్లుగా బియ్యం కొలిచే సీసా తెచ్చాడు. ఒకామె కొంబు అనే సముద్రపు నాచు పులుసు పోసుకునేది తెచ్చింది, ఇంకా ఆ వాసన పోలేదు. సమాధి దగ్గర పువ్వులు పెట్టుకునేవి తెచ్చారు కొందరు. "చాలా ఇష్టంగా వాడుకున్నామండీ. ఇంక రావంటే బాధగా ఉంది. మీ చేతికిద్దామని" అంటారు. అందరూ అదే మాట.

అందరికీ వంగి దండం పెడుతున్నాను. టీ ఇస్తున్నాను. నడుం పోయింది. అరవాలని ఉంది. ఆరు నెలల కిందట ఎక్కడున్నారు మీరంతా అని గొంతు పగిలేలా అరవాలని ఉంది. "ఇంత దూరం మోసుకొచ్చారు, శ్రమ ఇచ్చాం" అంటున్నాను.

హోసాకా గారు మనవడి కారులో తెచ్చింది. ఆవిడవే అందరికంటే ఎక్కువ. "వీధి మొత్తానికీ చెప్పానండీ. ఈసారి గట్టిగా చెప్పాను" అంది.

ఇవానె సెలవు పెట్టుకుని వచ్చింది సాయం చెయ్యడానికి. పెరట్లో, వసారాలో, ఖాళీ షెడ్లో ఎక్కడ చూసినా సీసాలే. తనకి అలవాటు పోలేదు, ఒక్కొక్కటీ ఎత్తి ఎండకి పెట్టి చూస్తోంది. చాలాసేపు చూసింది.

"అన్నీ బతికున్నవే అమ్మగారూ" అంది.

వతారు వచ్చి చూసి, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. "ఏం చేస్తాం వదినా, కడిగేదెక్కడ?" అన్నాడు.

డిసెంబర్ 28

ఏడాదిలో ఆఖరి సీసాల రోజు. వంతు తిరిగి తిరిగి నాకే వచ్చింది. వతారు లారీ తోలాడు. వరండాలోవి, షెడ్లోవి, అన్నీ. పెట్టెలు చాలక పురపాలకం వాళ్లని ముందే అడిగి ఇంకో లారీ పిలిపించాం. వీధివాళ్లందరూ చేతులందించారు. అందరూ వరసలో నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరికి అందించారు. ఒక్కటి కూడా పగల్లేదు. తెల్లగాజు పెట్టెలో వేసింది నేను. వెయ్యలేదు, పెట్టాను.

"ఒకటి గుర్తుగా ఉంచుకోరాదూ ఫుమియె గారూ?" అంది హోసాకా గారు.

"ఎందుకండీ" అన్నాను. "అందరూ ఉంచుకోబట్టే కదా ఇంత అయింది."

అంటే ఆవిడ తల దించుకుంది. ఇన్ని నెలలకి ఒక్క మాట అనగలిగాను. వచ్చేదారంతా ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను. బాగా అన్నాను అనుకున్నాను.

డిసెంబర్ 30

గూడు శుభ్రం చేశాను. ఆయన ఫొటో తుడిచి, అగరొత్తుల బూడిద తీసి, ఎండిన చామంతి పారేసి, పాత నీళ్లు పారబోద్దామని సీసా వంచాను.

అడుగున నీలిచుక్క.

జూన్‌లో గుమ్మం దగ్గర పెట్టెలోంచి నేను తీసిందే. తరవాత వంటింట్లోకి వెళ్లాను. వెతకక్కర్లేదు, అన్నీ కళ్లముందే ఉన్నాయి. పొయ్యి పక్కన నువ్వులనూనె సీసా. బియ్యం డబ్బాలో పురుగు పట్టకుండా ఎండుమిరపకాయలు వేసి పెట్టిన సీసా. ఆఫీసు బల్ల మీద పెన్నుల సీసా గుర్తొచ్చింది. షెడ్డు గుమ్మం దగ్గర తలుపు పడకుండా నేనే అడ్డం పెట్టిన సీసా గుర్తొచ్చింది. ఏడాదికి ఎన్ని తీసుకున్నానో, ఎన్ని విరిగాయో, ఎవరు లెక్క పెట్టారు. మావే కదా అనుకున్నాను.

హోసాకా గారిని నిన్నగాక మొన్న ఏమన్నాను?

మళ్లీ సీసాల రోజు కొత్త ఏడాదిలో గాని రాదు. నూనె వేరే గిన్నెలో వంచాను. మిరపకాయలు తీసేశాను. మూతులు రుద్దాను. ఆయన దగ్గర సీసా ఆఖర్న కడిగాను. రెండు నీళ్లు చాలు. మా సీసా కాబట్టి ఇంకో నీళ్లు ఎక్కువ పోశాను.